కుండలో ఉప్పు

మా కోడలు మాగాయకని మామిడి ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీకెత్తింది. మూడోనాటికి అవి ఒంట్లో నీరంతా ఊటగా వదిలేసి ముడుచుకుపోయాయి. ఆ వాసనకు ఇంట్లో అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం, ఇన్నేళ్ళొచ్చినా, ఏడుపొస్తుంది.

పంతొమ్మిదివందల ముప్ఫైల నాటి మాట. అమ్మ పోయాక నాన్న నన్ను కొల్లేటి లంక నుంచి తెచ్చి, చదువు కోసం ఏలూరులో పెద్దమ్మ ఇంట దింపాడు. వెళ్ళేముందు నీళ్ళకుండలో వేలెడంత కొరమీను పిల్లను చూపించి, "ఇదున్నన్నాళ్ళూ నేన్నీ దగ్గరున్నట్టేనమ్మా" అన్నాడు. తివాచీల మగ్గాల చప్పుడూ, జట్కాబళ్ళ గంటలూ తప్ప ఒక్క తెలిసిన గొంతు వినబడని ఆ వీధిలో, బడి నుంచి రాగానే కుండ ముందు చతికిలబడి, మెతుకులు వేస్తూ, నా కబుర్లన్నీ దానికే చెప్పుకునేదాన్ని.

ఓ వారం అది మెతుకు ముట్టలేదు. "నీలాగే ఇంటిమీద బెంగెట్టుకుందే" అంది పెద్దమ్మ. అవును మరి, ఇక్కడివి చప్పటి కాలవ నీళ్ళు. ఎండాకాలం ఉప్పుటేటి గుండా సముద్రప్పోటు ఎదురెక్కితే మా కొల్లేటి నీళ్ళు ఉప్పగిల్లేవి. మా ఊరి నీళ్ళు చేసిపెడదామని మూడు గుప్పిళ్ళ ఉప్పు పోశాను. ఎంత తెలివో నాది! సాయంత్రానికి చేప కళ్ళు గుంటలు పడి, ఒళ్ళు వడిలి తేలింది. పెరట్లో పాతిపెట్టాను.

నెల తిరక్కుండా నాన్న వచ్చాడు. "చేపేదమ్మా?"

"నీళ్ళు మారుస్తుంటే కాలవలోకి దూకేసింది నాన్నా."

"పోన్లే, ఇల్లు చేరుంటుంది. కనబడితే అడిగావని చెబుతాలే."

రెండేళ్ళకు సైన్సు మాస్టారు వడిలిన తోటకూర కాడను మంచినీళ్ళలో పెట్టి నిగనిగలాడేలా లేపి, ఉప్పునీళ్ళలో వేసి మళ్ళీ వాల్చారు. పలచటి పొరకు ఇటూ అటూ ఉప్పు తేడాగా ఉంటే నీరు ఉప్పెక్కువున్న వైపుకే పోతుందనీ, మొక్క కణానికి చుట్టూ గట్టి గోడుంటుంది గనక వడిలినా నిలబడి, నీరందితే తేరుకుంటుందనీ చెప్పారు.

"మరి చేపకండీ?" అన్నాను.

"జంతువుల కణాలకు గోడుండదమ్మా. నీరు పోతే ముడుచుకుపోతాయి, మరీ ఎక్కువ చొరబడితే పగిలిపోతాయి."

క్లాసంతా నవ్వింది, నేనెందుకు ఏడుస్తున్నానో తెలియక.

ఇప్పుడు కొల్లేటినిండా చేపల చెరువుగట్లే. నాన్న దోనె లేదు, నాన్నా లేడు. బతికున్నన్నాళ్ళూ, వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే చెప్పేవాడు: "ఈసారీ కనబళ్ళేదమ్మా. వెతుకుతూనే ఉన్నా."