ఊరంతా పళ్ళడిగిన వదిన

ఆ రోజుల్లో నాకు అక్షరాలు రావు గానీ, రాకపోతే ఏం పోయిందనే ధీమా మాత్రం నిండుగా ఉండేది. బొబ్బిలి బజారులో ఏ కొట్టు ఏదో బోర్డు మీద బొమ్మ చూసి చెప్పేసేదాన్ని. కళ్ళజోడు బొమ్మ ఉంటే కళ్ళద్దాల కొట్టు, కత్తెర బొమ్మ ఉంటే టైలరు, కూరగాయల మార్కెట్టు పక్క సందులో మేడ మీద తెల్లటి పొదుగు బొమ్మ ఉంటే పశువుల డాక్టరు. చదువుకున్నవాళ్ళు ఆగి, మెడ పైకెత్తి, పెదాలు కదుపుతూ బోర్డు చదివే లోపల నేను పని ముగించుకుని బస్సెక్కేసేదాన్ని. (ఆ పొదుగు బొమ్మను కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.) అలాంటి నా దగ్గరికి, పట్నంలో డెంటల్ కాలేజీలో చేరి నెల తిరగని మా ఆడపడుచు ఒక శుక్రవారం సాయంత్రం ఏడుపు మొహంతో వచ్చింది.

మా ఆడపడుచంటే మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. ఇంట్లో అందరికీ చిన్నమ్మి. నేను కాపురానికి వచ్చేసరికి పలక పట్టుకు తిరిగే పిల్ల. జడలు వేసి, బలవంతంగా నాలుగు ముద్దలు పెట్టి బడికి తోలింది నేనే. దానికి ఆ సీటు వచ్చినప్పుడు వీధిలో మెచ్చుకున్నవాళ్ళు తక్కువ. "పళ్ళ డాక్టరా? మనిసి డాక్టరు సీటు రానేదేటి?" అని ఎదురింటి పిన్ని అడిగితే, మా అత్త "పళ్ళు మనుసులికి కాక గోడలకుంటాయేటి?" అని అక్కడికక్కడే కోసేసింది. అలాగని మా అత్తకి కూతుర్ని అంత దూరం పంపడం ఇష్టమనుకోకండి. పిల్ల వచ్చేస్తానంటే చాలు, వచ్చెయ్యమనడానికి గుమ్మంలో సిద్ధంగా ఉండేది.

బస్సు దిగినప్పుడే నేను సామాను చూశాను. రెండు రోజులకి వచ్చే పిల్ల బకెట్టూ దుప్పట్లూ కూడా తెచ్చుకుంటుందా? గేదె దగ్గర పాలు పితుకుతూ మెల్లగా కదిపాను.

"ఏటే చిన్నమ్మీ, హాస్టలు మొత్తం మోసుకొచ్చీసినావు?"

"నాను మరెల్లను వదినా."

ఆ మాట అని ఊరుకుంటే బాగుండేది. పాకలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగడం, గడ్డి తన్నడం, ఫోను తీసి చూడడం, మళ్ళీ లోపల పెట్టడం. దాని కుదురులేనితనం చూసి గేదె కూడా పాలు చేపడం మానేసింది. చివరికి విషయం బయటపడింది. సోమవారానికి పళ్ళు పట్టుకెళ్ళాలట. నిజం పళ్ళు, మనుషులవి. ముందుపళ్ళు, కోరపళ్ళు, దవడపళ్ళు, అన్నీ, వేర్లు విరగకుండా. వాటిని చూసి నేర్చుకుని, మైనం ముద్దల్ని అచ్చంగా అలాగే చెక్కాలట.

"అందరికీ ఎవులో ఒకలు డాక్టరున్నారు వదినా. ఒకమ్మాయికి మావయ్య, ఒకమ్మాయికి వాళ్ళ నాన్నే. డబ్బాలతో తెచ్చుకున్నారు. తెలీనోలికి ఏ డాక్టరూ ఇవ్వడంట. మనకెవులున్నారు?"

ఆ చివరి మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకంటే నేను కూడా చిన్నప్పుడు ఒక సోమవారం బడి మానేశాను, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి. ఆ ఒక్క సోమవారం మళ్ళీ తెల్లారలేదు. ఇది కూడా ఈ సోమవారం ఆగిందంటే ఆ బకెట్టు మళ్ళీ బస్సెక్కదని నాకు తెలుసు. అందుకే ఏమాత్రం ఆలోచించకుండా, "మనకి ఊరున్నాది" అనేశాను. "ఇంతమంది ముసిలోలున్నారు, పళ్ళకేటి కరువు?"

మర్నాడు పొద్దున్నే ఖాళీ పచ్చడి సీసా పట్టుకుని బయలుదేరాను. పళ్ళడగడం ఇంత కష్టమని అప్పటిదాకా ఎవరికి తెలుసు? పంచదార అడిగితే ఇస్తారు, పిడకలడిగితే ఇస్తారు. "ఊడిపోయిన పన్నేదైనా దాసినారా?" అని అడిగితే మాత్రం మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తుంది. చివరింటి తాత నోరు తెరిచి, "ఉన్నవి రెండే. ఒకటి సుట్ట పట్టుకోడానికి, ఒకటి మీ తాతమ్మని కరవడానికి. ఏటిమ్మంటావు?" అన్నాడు. రిటైరైన కండక్టరు అన్నయ్య మరీ మంచివాడు, కట్టుడు పళ్ళ సెట్టు నోట్లోంచి తీసి నా చేతిలో పెట్టబోయాడు. "పట్టుకెళ్ళవే సెల్లీ. మంగళారం నాటికి తెచ్చీ, పెళ్ళి బోజనం ఉన్నాది." చిన్నపిల్లల పాలపళ్ళు నాలుగు దొరికాయి. మాంసం కొట్టు వాడు మేక దవడ మొత్తం కాగితంలో చుట్టిచ్చాడు. పన్ను పన్నే కదా అని అదీ తెచ్చాను. చిన్నమ్మి పొట్లం విప్పి, చాలాసేపు చూసి, "నాను మేకలికి డాక్టరీ సేస్తానేటి వదినా?" అని మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

అసలు గొడవ మధ్యాహ్నం కుళాయి దగ్గర వచ్చింది. నేను బిందె పెట్టేసరికి మాటలు ఆగిపోయాయి. ఎదురింటి పిన్ని తన బిందె పక్కకి జరుపుకుంది. మా వైపు చిల్లంగి అంటే చేతబడి. ఆ మాట ఒకసారి మనిషి మీద పడితే ఊళ్ళో ఉండడం కష్టం. గోళ్ళూ వెంట్రుకలూ పోగేసే మనిషినే అనుమానంగా చూసే చోట, నేను పొద్దున్నుంచి గుమ్మం గుమ్మానికీ వెళ్ళి పళ్ళడిగాను! "కోడలు పిల్ల పళ్ళు పోగేస్తన్నాదట. ఎవులి కోసమో..." అని పిన్ని నన్ను కాకుండా కుళాయిని చూస్తూ అంది.

వెనక నుంచి మా అత్త గొంతు వినిపించింది. నోట్లో చుట్ట ఉన్నా ఆ గొంతు పొలిమేర దాటుతుంది. (మా అత్తది అడ్డపొగ. అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం.) చుట్ట తీసి చేత్తో పట్టుకుని కుళాయి గట్టెక్కింది.

"ఒసే, నా కోడలికి సిల్లంగే వొస్తే ముందు నా నోరు కట్టీది కాదా? ఇన్నేళ్ళు నా సేత తిట్లు తింటాదా? పళ్ళు నా గుంట చిన్నమ్మి సదువుకి కావాల. నా దవడ పన్ను ఊగతన్నాది. ఇప్పుడే బొబ్బిలెల్లి డాక్టరు సేత పీకించి నా గుంటకిస్తాను. ఎవులికైనా అనుమానముంటే ఆటో ఎక్కండి!"

ఎవరూ ఎక్కరనుకున్నాం. పిన్ని ఎక్కింది.

బజారులో ఆటో దిగి చిన్నమ్మి ముందు నడిచింది. కూరగాయల మార్కెట్టు దాటి, పక్క సందులో తిరిగి, ఒక మేడ కింద ఆగింది. నేను పైకి చూసి దాని చెయ్యి పట్టుకుని లాగాను. "ఇక్కడెందుకే? ఇది గేదెల డాక్టరు కదా!" అది బోర్డు చూసింది, నన్ను చూసింది. "గేదెలా?" "మరి ఆ పొదుగు బొమ్మేటి?" అన్నాను. అది మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "అది దవడపన్ను వదినా! ఆ కిందకున్నవి వేర్లు!" శుక్రవారం నుంచి అది నవ్వడం అదే మొదలు. నేనూ నవ్వాను గానీ, నా చెవులు మాత్రం కాలిపోతున్నాయి. పోయిన వర్షాల్లో మా గేదె పాలివ్వడం మానేస్తే దాన్ని ఈ సందులోకి తోలుకొద్దామని మా ఆయనతో పోట్లాడాను. ఆయన డ్యూటీ ఉందని సాలూరు లారీ ఎక్కి వెళ్ళిపోబట్టి ఆ డాక్టరు బతికిపోయింది.

పైన డాక్టరమ్మ మా అత్తని కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, చిన్న అద్దం పెట్టి లైటు వేసింది. పన్ను సంగతి ఒక్క నిమిషంలో తేలిపోయింది గానీ, ఆవిడ అద్దం తియ్యలేదు. అంగిలి వైపు తిప్పి అలాగే చూస్తోంది. మా అత్తకి చికాకేసింది. "అంతసేపు సూడ్డానికి నా నోట్లో సినిమా ఆడతన్నాదేటమ్మా?" డాక్టరమ్మ నవ్వలేదు. చిన్నమ్మిని పిలిచి, "నువ్వు కూడా చూడు" అని అద్దం చేతికిచ్చింది. ఆ పిల్ల వంగి చూసింది. దాని కాళ్ళు మొదటిసారి ఒకచోట నిలబడ్డాయి.

"మొదటి రోజు పెద్ద సారు బొమ్మ సూపించినారు మేడం. అడ్డపొగ తాగేవాళ్ళ నోరు. మన విజయనగరం, సీకాకుళం ఆడవాళ్ళ గురించే సెప్పినారు." అద్దం బల్ల మీద పెట్టింది. "నాను ఇంకెవులిదో అనుకున్నాను."

చుట్ట మానాలనీ, అంగిలి మీద మచ్చ ఉన్నచోట చిన్న ముక్క తీసి క్యాన్సరు పరీక్షకి పంపుతాననీ డాక్టరమ్మ చెప్పింది. (ఫలితం తర్వాత మంచిగానే వచ్చింది. చుట్ట మాన్పించడం మాత్రం ఇంట్లో ఇంకో పెద్ద యుద్ధం.) పన్ను పీకాక, చిన్నమ్మి మాట పెగల్చుకుని అడిగేలోపలే, బీరువా తీసి పెద్ద గాజు జాడీ బల్ల మీద పెట్టింది. నిండా పళ్ళు! "ఎవరైనా మొదటి సంవత్సరం పిల్లలు వస్తారని దాచిపెడతాను. నీకు కావలసినవి ఏరుకో. ముందే రావాల్సింది కదమ్మా." పొద్దున్నుంచి ఊరంతా తిరిగి, చిల్లంగి పేరు కూడా మోసిన నేను ఆ జాడీని చూస్తూ ఉండిపోయాను. ఇవ్వరన్న మాట నమ్మేశాం గానీ, వెళ్ళి పళ్ళ డాక్టరునే ఒకసారి అడిగి చూద్దామని మా నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. పిన్ని మాత్రం నోరు గట్టిగా మూసుకుని గుమ్మం బయటే నిలబడింది, ఎక్కడ తనదీ పీకేస్తారో అని.

ఆదివారం సాయంత్రం చిన్నమ్మి బకెట్టు, దుప్పట్లు తనే సర్దుకుంది. ఎవరూ వెళ్ళమనలేదు, వద్దనలేదు. వాళ్ళమ్మ పన్నుని వేరే పొట్లంలో కట్టుకుంది. బస్సు కిటికీలోంచి నాతో, "సెలవులికొచ్చినప్పుడు నీకు అచ్చరాలు నేర్పుతాను వదినా. నేకపోతే బొబ్బిలిలో గేదెలికి గండం" అంది. అన్నంత పనీ చేసింది.

ఇప్పుడు దానికి నరసన్నపేటలో సొంత క్లినిక్ ఉంది. పోయిన నెల నా దవడ పన్ను సలపడం మొదలైతే చూపించడానికి వెళ్ళాను. చూసి, పీకెయ్యాలంది. నేను కుర్చీ దిగిపోయాను. "ఊరందర్నీ పళ్ళడిగినావు, నీది ఒక్కటి ఇవ్వడానికేటి వదినా?" అని వెనక నుంచి అంటున్నా వినకుండా, పిన్నిలాగే నోరు బిగించుకుని వీధిలోకి వచ్చి నిలబడ్డాను. తోచక బోర్డు వైపు చూశాను. మెడ పైకెత్తి, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చిన్నమ్మి పేరు చదువుతున్నాను. కూరల సంచితో ఒకావిడ నా పక్కనుంచి దూసుకుపోతూ, బోర్డు మీది పన్ను బొమ్మ వైపు ఒక్క చూపు విసిరి, ఆగకుండా బస్సు వైపు పరుగెత్తింది. ఆవిడకి అది ఏమిటిలా కనిపించిందో! నాకు నవ్వొచ్చింది. నవ్వితే పన్ను సలిపింది.

లోపలి నుంచి కేక. "వదినా! సదవడం అయిపోతే లోపలికి రా!"