బ్యాండేజీ గుడ్డ టేపు

మా ఇంట్లో తప్పు చేసే హక్కు అందరికీ ఉంది. నేను మాత్రం దాన్ని వాడుకోలేదు. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోవడంతో రాజపాళయంలో తమ్ముడి ఇంటికి వచ్చాను. ముప్పై ఏళ్లుగా వాడి ఇల్లూ, సత్రపట్టిలో వాడి మగ్గాల షెడ్డూ నా చేతిమీదే నడుస్తున్నాయి. సరిగ్గానే నడుస్తున్నాయి. నడవనప్పుడు ఎవరి వల్ల నడవలేదో నేను వెంటనే కనిపెట్టి వాళ్లకు చెప్పేదాన్ని. అది ఎప్పుడూ నేను కాకపోవడం నా అదృష్టం అనుకునేదాన్ని.

మా మగ్గాల మీద నేసేది ఆసుపత్రుల్లో కట్టు కట్టే బ్యాండేజీ గుడ్డ. మగ్గం దిగిన పచ్చి గుడ్డకు నీళ్లు తగిలితే కుంచించుకుపోతుంది. అందుకే బ్లీచింగ్‌కు పోయే ప్రతి థానూ అడిగినదానికంటే కొంచెం పొడుగు నేస్తాం. ఇది సత్రపట్టిలో నడక నేర్చిన ప్రతి పిల్లకూ తెలుసు. ముప్పై ఏళ్లు ఆ గుడ్డ మడతలు సరిచూసిన నాకు ఇంకా బాగా తెలుసు.

తమ్ముడి కూతురు, నా మేనకోడలు, ఎనిమిదో తరగతిలో లాంగ్‌జంప్ మొదలుపెట్టింది. ఆ ఆటలో దూకడం కంటే పరుగు ముఖ్యమట. ఎంత దూరం నుంచి పరుగెత్తాలో ముందే కొలిచి గుర్తు పెట్టుకోవాలి. అప్పుడే చివరి అడుగు సరిగ్గా చెక్కపలక మీద పడుతుంది. పలక దాటితే ఎర్రజెండా ఎత్తుతారు, ఆ దూకుడు చెల్లదు. పలకకు ముందే కాలు పడితే చెల్లుతుంది కానీ కొలత మాత్రం పలక అంచు నుంచే. వెనక మిగిలిపోయిన దూరం మనకే నష్టం. అప్పట్లో స్కూల్లో కొలిచే టేపు డ్రిల్లు మాస్టరు బీరువాలో ఉండేది, బీరువా తాళంచెవి ఆయన జేబులో, ఆయన సెలవులో. మా తమ్ముడు మగ్గం మీద నుంచి రెండంగుళాల వెడల్పున పొడుగాటి బ్యాండేజీ గుడ్డ కోసి, మీటరుకో గీత చొప్పున ఇంకుతో గీసి ఇచ్చాడు.

ఆ గుడ్డ టేపుతోనే ఆమె జిల్లా, రాష్ట్రం, దేశం అన్నీ దాటింది. సంచిలో మంచి స్టీలు టేపు ఉన్నా దాన్ని తీసేది కాదు. ఆమె కోచ్ మదురై మనిషి. మొదట నవ్వినా, తర్వాత స్టీలు టేపు పక్కన పెట్టి చూసి సరిగ్గా ఉందని ఒప్పుకున్నాడు. దాన్ని ఆమె ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టి, వానలో తాను తడిసినా దాన్ని తడవనిచ్చేది కాదు.

కిందటేడు ఆసియా దేశాలన్నీ కలిసే పోటీకి ఆమెను ఎంపిక చేశారు. బయలుదేరే ముందు పది రోజులు ఇంట్లో ఉంది. ఒకరోజు ఆమె స్నేహితురాలిని చూడడానికి చోళపురం వెళ్లినప్పుడు సంచి సర్దుతూ ఆ టేపు చూశాను. చివర అయిదారు గీతల దాకా ఎర్రమట్టి పట్టి ఉంది. మా ఇంట్లో దూరప్రయాణానికి వెళ్లే గుడ్డ ఏదైనా ఉతికి, మూలకు పసుపు పెట్టి, దేవుడి ముందు ఉంచాకే సంచిలో పెట్టాలి. మా అమ్మ పెట్టిన పద్ధతి, నేను తప్పనివ్వను. మట్టి అంటిన భాగం వరకే సబ్బు పెట్టి ఉతికాను. ఆరవేసి, ఇస్త్రీ చేసి, పసుపు పెట్టి, చుట్ట చుట్టి కవర్లో పెట్టాను. చాలా బాగా తెల్లబడిందని కూడా అనుకున్నాను.

పోటీ మాకు మధ్యాహ్నం. తమ్ముడు షెడ్డుకు సెలవిచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. మరదలు ఇలాంటివి చూసి తట్టుకోలేదు కనుక సేత్తూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. ఒక్కొక్కరికి మూడేసి దూకుళ్లు. వాటిలో ముందున్న ఎనిమిది మందికే మరో మూడు. మిగతావాళ్లు సంచి సర్దుకోవాలి.

మా అమ్మాయి మొదటి దూకుడుకే ఎర్రజెండా లేచింది. కాలు పలక దాటి జానెడు ముందుకు పడింది. తమ్ముడు తొడలు రుద్దుకున్నాడు.

"బయపడినట్లుందక్కా."

టీవీలో ఆమె మళ్లీ టేపు విప్పి గుర్తు సరిచూసుకుంటోంది. కెమెరా దగ్గరగా వెళ్లింది. గుడ్డంతా పాత గోధుమరంగులో ఉంది, చివర మాత్రం మల్లెపువ్వులా తెల్లగా ఉంది. పసుపు బొట్టు కూడా కనిపించింది. అయిదారు మీటర్ల పచ్చి గుడ్డ తడిస్తే ఎంత తగ్గుతుందో నన్ను ఎవరూ అడగక్కర్లేదు. జానెడు తగ్గుతుంది.

అంతలో తమ్ముడి ఫోన్లో కోచ్ మెసేజ్ వచ్చింది. వాడు పైకి చదివాడు.

"టేపును ఎవురన్నా మార్చినారా అని అడుగుతాడక్కా."

"ఎవురూ మార్చలా," అన్నాను.

అది నిజమే. మార్చలేదు, ఉతికాను. తమ్ముడు 'లేదు' అని కొట్టి పంపాడు. నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు భయమేసింది. ఆమె ఎలాగూ సర్దుకుంటుంది, ఇన్నేళ్ల అనుభవం, రెండోసారి తెల్లజెండా వస్తే ఈ సంగతి ఎవరికీ తెలియకుండానే పోతుంది అని లెక్క వేసుకున్నాను. వరుసగా పదకొండు మంది అమ్మాయిలు దూకేదాకా ఆ లెక్కే వేసుకుంటూ కూర్చున్నాను.

టేపు బాగానే ఉందని కోచ్ నమ్మాడు. అందుకని గుర్తు కొంచెమే వెనక్కి జరిపించి, తొందరపడకు అని మాత్రం ఆమెకు చెప్పాడట. రెండోసారి కాలు రెండు వేళ్లు దాటింది. మళ్లీ ఎర్రజెండా.

మా అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని తన పాదాల వైపు చూసుకుంది. తప్పంతా వాటిదే అన్నట్టు. అది చూసి నేను ఆగలేకపోయాను.

"నేను ఉతికినాను రా."

"ఏమి ఉతికినావు?"

"టేపు. కొన మాత్రం."

తమ్ముడూ మగ్గాలవాడే, వివరించి చెప్పక్కర్లేదు. వాడు అరిచి ఉంటే బాగుండేది. వెంటనే కోచ్‌కు ఫోన్ చేశాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. కోచ్ అప్పటికే గ్యాలరీ దిగి కంచె దగ్గర నిలబడి ఆమెకు చేతులతో సైగలు చేస్తున్నాడు. ఫోన్ ఏ జేబులో ఉందో. తమ్ముడు తొమ్మిదిసార్లు చేశాడు. 'జానెడు వెనక్కి, సార్' అని మాట రికార్డు చేసి కూడా పంపాడు. ఆట ముగిసి చాలాసేపయ్యాక గానీ ఆయన దాన్ని వినలేదు.

మూడోసారి ఆమె టేపు తీయలేదు. పాదం ముందు పాదం పెట్టి కొలుచుకుని, ఎందుకైనా మంచిదని బాగా వెనక్కి జరిగింది. పరుగెత్తింది. తెల్లజెండా లేచింది. తమ్ముడు లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. కాలు పలకకు చాలా ముందే పడింది. ఆమె నిజంగా దూకిన దూరానికి ఎనిమిది మందిలో ఉండాల్సింది. పలక నుంచి కొలిస్తే తొమ్మిదో స్థానం. ఎనిమిదో అమ్మాయికీ ఆమెకూ తేడా నాలుగు వేళ్లు.

సాయంత్రం ఫోన్ వచ్చింది. తమ్ముడు స్పీకర్లో పెట్టాడు.

"టేపు కొన తెల్లగుండాది నాయనా. ఎవురు ఉతికింది?"

"నేనేమ్మా," అన్నాడు తమ్ముడు. రెప్ప కూడా వేయలేదు.

"నీకు ఉతకను రాదు నాయనా. అత్తకియ్యి."

ఫోన్ తీసుకున్నాను. ఆమె కోపంగా లేదు, అలసిపోయి ఉంది. "పరవాల్లే అత్తా, మంచికని చేసినావు," అంది. అంతటితో ఊరుకుంటే ఆ సంగతి అక్కడితో అయిపోయేది. కోచ్ మెసేజ్ గురించి తమ్ముడు ఆమెకు ఎప్పటికీ చెప్పడు, వాడి సంగతి నాకు తెలుసు. ఆమె నన్ను ఓదారుస్తూ ఉంటే వినడం నా వల్ల కాలేదు.

"ఫస్టు తూరి అయినప్పుడే కోచ్ అడిగినాడమ్మా, టేపు మార్చినారా అని. నాకు తెలిసిపోయింది. తెలిసీ లేదని చెప్పినాను."

అవతల ఆమె వెనక ఎవరో నవ్వుకుంటూ తలుపు వేసుకోవడం వినిపించింది. తర్వాత, "నాయనకియ్యి," అంది.

ఇచ్చాను. తమ్ముడు స్పీకర్ ఆపి వరండాలోకి వెళ్లి ఊ, ఊ అన్నాడు. లోపలికి వచ్చి నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఏడుస్తా ఉండాది. మాట్లాడాలనిపిస్తే తానే చేస్తాదంట."

సరే అన్నాను. ఆమె అక్కడి నుంచి నేరుగా శిక్షణ శిబిరానికి వెళ్లిపోయింది. తమ్ముడితో మాట్లాడుతుంది, వాళ్లమ్మతో మాట్లాడుతుంది. నా ఫోన్ కొంగులో కట్టుకునే తిరుగుతున్నాను, షెడ్డులో మగ్గాల మోతకు వినబడదేమోనని మాటిమాటికీ తీసి చూస్తున్నాను. ఎక్కువగా కొత్త సిమ్ కావాలా అని అడిగేవాళ్లే చేస్తారు. పూర్వం వాళ్లను తిట్టి పెట్టేసేదాన్ని. ఇప్పుడు రెండో రింగుకే ఎత్తి, వద్దు నాయనా అని నెమ్మదిగా చెబుతున్నాను.