ఇనుప పట్టీల బోరుబండి

నా చిన్నప్పుడు, మా చేనిలో మూడో బోరు వేసిన రోజున, నన్ను పొద్దున్నే ఇంటికి తరిమేశారు. బండి చుట్టూ తిరిగితే దెబ్బ తగులుతుందని మా నాయన భయం. మాది కళ్యాణదుర్గం దగ్గర చిన్న పల్లె. అంతకుముందు వేసిన రెండు బోర్లూ ఎండిపోయాయి. ఇందులోనూ నీళ్లు పడకపోతే ఊరు విడిచి బెంగుళూరికి కూలికి పోవాల్సిందేనని అమ్మా నాయనా మాట్లాడుకోవడం నేను విన్నాను.

ఇంట్లో కాలు నిలవలేదు. బోరుబండి మోత అక్కడిదాకా వినిపిస్తూనే ఉంది. నా దగ్గర ఒక ఆటసామాను పెట్టె ఉండేది. పట్నంలో మోటార్లు బాగుచేసే మా పెద్దనాయన తెచ్చి ఇచ్చాడు. నిండా చిల్లులున్న ఇనుప పట్టీలు, చిన్న బోల్టులు, నట్లు, ఒక స్పానరు. అదంటే నాకు ప్రాణం. ఆ రోజు దాంతో బోరుబండి కట్టడం మొదలుపెట్టాను. నా బండి నిలబడితే అక్కడ నీళ్లు పడతాయని నాలో నేనే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

తొందరతో ఒక్కో బోల్టునూ పెట్టిన వెంటనే గట్టిగా బిగించేశాను. చివరి పట్టీ దగ్గరికొచ్చేసరికి చిల్లులు కలవలేదు. లాగాను, నొక్కాను, చివరికి రాయి తీసుకుని కొట్టాను. పట్టీ వంగిపోయింది.

బండివాళ్లకు మజ్జిగ తీసుకుపోదామని వచ్చిన పెద్దనాయన నేను ఏడవడం చూశాడు.

"ఏమైంది పాపా? ఎందుకంత గాబరా పడతాండావు?"

వెక్కుతూనే సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. మజ్జిగ కుండ గడప దగ్గర దించి నా ఎదురుగా కూర్చున్నాడు. వంగిన పట్టీని మోకాలి మీద పెట్టి సరిచేశాడు. నేను బిగించిన బోల్టులన్నీ ఒక్కో చుట్టు వదులు చేశాడు. అప్పటిదాకా కలవని చిల్లులు వాటంతటవే ఎదురెదురుగా వచ్చాయి.

"అన్నీ ఎక్కిందాకా ఏదీ బిగించొద్దు. కొంచెం ఆడనీ," అన్నాడు. లేవబోతూ నా తల మీద చెయ్యి పెట్టాడు. "ఇంకోటి విను. ఆడ నీళ్లు పడకపోతే అది నీవల్ల కాదు. పడినా నీవల్ల కాదు. ఈ బండి మాత్రం నీదే. దీన్ని బాగా కట్టుకో."

సాయంత్రానికి నా బండి నిలబడింది. చేనిలో మాత్రం తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. ఆ వేసవిలోనే మేము బెంగుళూరు పోయాం. నావల్లే అనుకుని కుమిలిపోవాల్సిన పిల్లను, ఆ ఒక్క మాటతో తేలికపడ్డాను.

పెళ్లయి మళ్లీ ఇటువైపే వచ్చిన చాలా ఏళ్లకు నాకు పాప పుట్టింది. నేనిప్పుడు యాభై దాటాను, పాపకు పదేళ్లు. పోయిన ఏడాది అనంతపురంలో ఒక దుకాణంలో అలాంటి ఇనుప పట్టీల పెట్టే కనిపిస్తే పాపకని కొన్నాను. పాపకని పేరే గాని, రోజూ బడి నుంచి అది వచ్చేలోపు నేనే విప్పుకుని కూర్చునేదాన్ని. వంట పొయ్యి మీద మాడిన రోజులున్నాయి.

బడిలో ప్రదర్శన ఉందని పాప క్రేను కట్టడం మొదలుపెట్టింది. అది అందరిముందూ పడిపోతే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని నాకు ఒకటే ఆరాటం. చేతిలోంచి స్పానరు లాక్కుని గబగబా బిగించేయసాగాను. పాప కాసేపు చూసి లేచి నిలబడింది.

"నువ్వే చేసేదుంటే నాకెందుకు కొనిచ్చినావమ్మా?"

నేను బిగించిన వాటన్నిటినీ ఒక్కో చుట్టు వదులు చేసి, స్పానరు దాని చేతికిచ్చి పక్కకు జరిగాను.

క్రేను ఒకవైపు ఒరిగే ఉంది. నా కళ్లకు కనిపిస్తున్నా నోరు మెదపలేదు. మరుసటి రోజు బడిలో అది పడిపోయింది. పాప ఇంటికొచ్చి సంచి మూలకు విసిరి, కళ్లు తుడుచుకుని, "కిందిది వెడల్పు చేయాలమ్మా, మళ్లీ కడతా," అని నేల మీద కూర్చుంది.

నా స్వభావం మారలేదు. పాప ఏ పని చేస్తున్నా నా చేతులు ముందుకు ఉరుకుతూనే ఉంటాయి. అలాంటప్పుడు దానికి దక్కబోయేదీ దక్కనిదీ నా చేతిలో లేవని నాకు నేను చెప్పుకుంటాను. చెప్పుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, దాని పక్కనే కూర్చుంటాను.