చిక్కుడు పందిరి కింద దీక్ష

ఆ రోజుల్లో మా స్టేషన్ ఘన్‌పూర్ వైపు ఏ సమస్యకైనా దీక్షే మందు. ప్రత్యేక రాష్ట్రం కోసం టెంట్ల కింద రిలే దీక్షలు, రోడ్ల మీద వంటావార్పులు. వ్యవసాయ డిప్లొమా అప్పుడే చేతికొచ్చిన నాకు (ఉద్యోగం మాత్రం రాలేదు) ఆ ఊపు బాగా తలకెక్కింది. దాని దెబ్బ మా మేనత్త చిక్కుడు పందిరి మీద పడింది.

నెలాఖరులో జరిగే వంటావార్పుకు "కూర నాది" అని అత్త ఊరందరి ముందు మాటిచ్చేసింది. తీరా చూస్తే లేత కొమ్మల నిండా పేనుబంక నల్లగా ముసిరింది. పైగా ఆకుల మీద ముళ్లముళ్ల పురుగులు కొత్తగా పాకుతున్నాయి. అత్త మందు పంపు వీపున తగిలించుకుంది.

"ఆగత్తా, అవి అక్షింతల పురుగు పిల్లలు. పేనుబంకను తినేటియే అవి" అన్నాను.

"అక్షింతల పురుగు ఎర్రగ, గుండ్రంగ ముద్దుగుంటది. గివి మొసలి పిల్లల్లెక్క ఉన్నయ్. జరుగు అల్లుడా."

నేను జరగలేదు. పందిరి కింద తువ్వాల పరుచుకుని, మందు కొట్టనని మాటిచ్చేదాకా మెతుకు ముట్టనని కూర్చున్నాను. అత్త నా ఎదురుగానే కూర్చుని వేడివేడి సర్వపిండి తింది. (ఆ వాసనకు నా ఉద్యమం దాదాపు ముగిసిపోయింది.) పొద్దుగూకేసరికి తనే మెత్తబడింది. "నువ్వు పస్తుంటే మా అన్నకు ఏం జెప్పాలె? మందు కొట్ట తియ్యి, లే. కూర లేకుంటె మాత్రం రోడ్డు మీద నిన్నే వండుత."

మొసలి పిల్లలు పేనుబంకను మేసి మేసి, కుబుసం విడిచి లావెక్కాయి. తర్వాత ఆకులకు అతుక్కుని కదలడం మానేశాయి. "ఏంది, నీ పురుగులు గూడ సమ్మెల కూసున్నయా?" అంది అత్త. పైకి ధీమాగా నవ్వాను గానీ, అత్త అటు తిరగగానే ఒకదాన్ని పుల్లతో కదిపి చూశాను. ఒక పొద్దున వాటి పైతొడుగులు పగిలి పాలిపోయిన పసుపు పురుగులు బయటికొచ్చాయి. చూస్తూ ఉండగానే ఎర్రబడి, చుక్కలు తేలాయి. అత్త ఒకదాన్ని వేలి మీద ఎక్కించుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

వంటావార్పు రోజున రోడ్డు మీద పెద్ద గిన్నె నిండా చిక్కుడుకాయ కూర ఉడికింది. అత్త గరిటె పట్టుకుని వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పింది: "మందు సుక్క పడలే. మా అల్లుడు దీక్ష జేసి పండిచ్చిండు." మొదటి గరిటె నా విస్తట్లోనే పడింది.

ఆ తర్వాత రాష్ట్రమూ వచ్చింది. ఇప్పుడు ఒక్క పూట టిఫిన్ ఆలస్యమైతే నాకు కళ్లు తిరుగుతాయి. అయినా మిద్దె మీది చిక్కుడు తీగపై ఎర్ర పురుగు కనిపిస్తే, రాష్ట్రమూ పందిరీ రెండూ గెలుస్తామని ఖాళీ కడుపుతో కూర్చున్న ఆ బక్కోడు గుర్తొస్తాడు. వాణ్ని చూసి నవ్వొస్తుంది, కాస్త కుళ్లు కూడా పుడుతుంది.