నాలుగు గంటలు చాలునని ఎవరన్నారు?

జూలై పదిహేడో తేదీన, ముర్సియా నగరానికి ఎగువన మా లోయలో ఉన్న జంతువుల పార్కు యాజమాన్యం ఫుయెన్‌సాంత కానొవాస్‌ను ఉద్యోగంలోంచి తొలగించింది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె ప్రవేశద్వారం దగ్గర కిటికీలో కూర్చుని టిక్కెట్లు ఇస్తున్నది. సందర్శకులకు తప్పుడు సమాచారం ఇచ్చి వెనక్కి పంపిందని ఉత్తరంలో రాశారు. ఆమె ఇచ్చిన సమాచారం తప్పు కాదు. ఆమె ఎవరినీ వెనక్కి పంపలేదు. ఈ రెండు వాక్యాలకూ రుజువులున్నాయి; ఒకటి యాజమాన్యం చేతిలోనే ఉంది.

ఫుయెన్‌సాంతకు యాభై ఎనిమిదేళ్ళు. పింఛను రావడానికి ఇంకా ఏడేళ్ళుంది. ఈ వయసులో మా లోయలో కొత్త ఉద్యోగం ఇచ్చేవారు లేరు. ఆమె తండ్రి సెగురా నది పంటకాలువల మీద నీటి వంతులు చూసేవాడు. వంతు వచ్చిన రైతు తూము దగ్గరికి రాగానే ఆయన గొళ్ళెం మీద చెయ్యి వేసి, ముందు ఒక ప్రశ్న అడిగేవాడు: ఏం వేశావు? మిరపకు నీరు వదిలేది కొంతసేపు, నిమ్మకు మరికొంతసేపు. ఎవరికి ఎంత నేల ఉందో ఆయనకు కంఠతా వచ్చు. అయినా అడగకుండా ఏ రోజూ తూము ఎత్తలేదు. ఆయన పక్కన గట్టు మీద కూర్చుని పెరిగిన పిల్ల, పెద్దయ్యాక కిటికీలో కూర్చుని అదే పని చేసింది.

పార్కుకు వచ్చేవారిలో నూటికి తొంభైమంది టిక్కెట్టు కంటే ముందు అడిగేది ఒకటే: అంతా చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? ఫుయెన్‌సాంత వెంటనే జవాబు చెప్పేది కాదు. ఎంతమంది వచ్చారు, చిన్నవాళ్ళలో ఎవరికి ఏ జంతువు మీద మనసుంది, భోజనం వెంట తెచ్చుకున్నారా, తెచ్చుకుంటే ఎన్నింటికి తింటారు అని అడిగేది. వెనక వరుసలో ఉన్నవాళ్ళు మొదట విసుక్కునేవారు. తమ వంతు వచ్చేసరికి వాళ్ళే పూసగుచ్చినట్టు అన్నీ చెప్పేవారు. ఒకసారి కార్తహేనా రేవు నుంచి వచ్చిన ఒక నావికుడు, "పెళ్ళప్పుడు పాదిరి కూడా నన్ను ఇన్ని అడగలేదమ్మా" అన్నాడట. "అడిగుంటే బావుండేదేమో" అని అతని భార్య పక్కనుంచి అంటించింది.

ఆ ప్రశ్నల వెనక కుతూహలం తప్ప మరొకటి లేదు. సోమవారాలు ఆమెకు సెలవు. సెలవునాడు కూడా పార్కుకే వచ్చి, ఏదో ఒక ఆవరణ ఎదురుగా బల్ల మీద కూర్చుని, జనం అక్కడ ఎంతసేపు నిలబడుతున్నారో చూసేది. ఏనుగు తొండం ఆకారపు జారుడుబల్ల దగ్గర పిల్లలు ఎన్నిసార్లు ఎక్కుతారు, ఎన్నోసారికి తల్లి గొంతు మారుతుంది. మొసలి బొమ్మ రైలు ఎక్కినవారు దిగాక నిజం మొసలి దగ్గరికి వెళ్తారా, మానేస్తారా. వెళ్ళరు, బొమ్మ కదులుతుంది, మొసలి కదలదు. పడుకున్న సింహం దగ్గర ఎవరూ నిమిషం నిలవరు. అయినా బయటికి వచ్చాక ఏది ఎక్కువసేపు చూశారని అడిగితే సింహాన్నే అంటారు.

వీటన్నిటికంటే ఆమెను ఎక్కువకాలం వెంటాడిన సంగతి మరొకటి. పెద్దవాళ్ళు జంతువు తమవైపు చూసేదాకా ఎదురుచూస్తారు. అది ఒక్కసారి చూడగానే పని అయిపోయినట్టు కదిలిపోతారు. పిల్లలు దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది తమను చూసిన క్షణం నుంచే వాళ్ళు చూడటం మొదలుపెడతారు. ఎందుకలా జరుగుతుందో ఆమెకు తెలియదు. తోటి ఉద్యోగిని మరవియాస్‌ను అడిగితే, "పెద్దవాళ్ళకి మొగుళ్ళున్నారు, వాళ్ళ చూపులు చాలు" అందట. ఫుయెన్‌సాంత నవ్వింది కానీ ఒప్పుకోలేదు. ఇంకా చూడాలి అన్నది.

నిరుటిదాకా టిక్కెట్టు రోజంతా చెల్లేది. ఈ ఏడాది మాద్రీదు నుంచి కొత్త మేనేజరు వచ్చాడు, పేరు దె లా సెర్నా. జూన్ నుంచి ప్రతి సందర్శకుడి చేతికీ ఒక పట్టీ కడుతున్నారు. కట్టిన క్షణం నుంచి నాలుగు గంటలు. ఆ తరువాత బయటికి నడవాలి. పార్కు మొత్తం చూడటానికి నాలుగు గంటలు చాలునని ద్వారం మీద బోర్డు వేలాడదీశారు. అడిగినవారికల్లా ఆ ఒక్క అంకె చెప్పాలని, ఎదురుప్రశ్నలు వేయరాదని కిటికీలోని వారికి కాగితం ఇచ్చారు.

ఆ అంకెలో భోజనానికి కేటాయించిన సమయం ఇరవై అయిదు నిమిషాలు. మా లోయలో పుట్టినవారెవరూ ఈ వాక్యాన్ని నవ్వకుండా చదవలేరు. ఇక్కడ కుటుంబాలు పదకొండింటికి వస్తాయి. రెండున్నరకు పైన్ చెట్ల కింద దుప్పటి పరుస్తాయి. బంగాళదుంప అట్టు, మాంసం పెట్టిన కచోరీలు, ఉప్పులో ఊరిన ఆలివ్‌లు బయటికి వస్తాయి. తిన్నాక లేవకుండా మాట్లాడుకోవడం భోజనంలో సగం. పుచ్చకాయ కోసి, ఫ్లాస్కులోని కాఫీ పంచి, బాబాయి తన పాత తగాదాను మళ్ళీ మొదటినుంచి చెప్పి ముగించేదాకా ఎవరూ కదలరు. అప్పటికి అయిదవుతుంది. పట్టీ గడువు మూడింటికే తీరిపోయి ఉంటుంది. పైగా ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో జంతువులు కూడా నీడకు ముడుచుకుని నిద్రపోతాయి. అంటే, ఆ కుటుంబాలు డబ్బిచ్చి చూసేది బోనుల వెనక గోడలను.

దె లా సెర్నాకు ఈ అలవాటు తెలియదనడానికి వీల్లేదు. ఇరవై అయిదు నిమిషాల లెక్క మీద సంతకం పెట్టిన రోజున, ఆ లెక్క వేసిన బయటి సంస్థవారితో కలిసి అతను పార్కు హోటల్లోనే భోజనానికి కూర్చున్నాడు. ఆ బల్ల ఫుయెన్‌సాంత కిటికీకి ఎదురుగానే ఉంటుంది. వాళ్ళు రెండూ నలభైకి కూర్చున్నారు. అయిదుకు పది నిమిషాల ముందు లేచారు.

జూలై తొమ్మిదిన హినెస్ మారిన్ అనే పెంకుల కర్మాగారం కార్మికుడు ఏడుగురు సభ్యుల కుటుంబంతో వచ్చాడు. ఆ వేసవిలో అతనికి దొరికిన సెలవు అదొక్కటే. అప్పుడు పదకొండుంపావు. ఎంతసేపు పడుతుందని అడిగాడు. ఫుయెన్‌సాంత కాగితంలో ఉన్నట్టే, బోర్డు మీద నాలుగు గంటలని రాశారు అని చెప్పింది. ఆ తరువాత ఆగలేకపోయింది. అతని భుజం మీది ఆరేళ్ళ కూతురు కందేలాను, నీకేం చూడాలని ఉంది తల్లీ అని అడిగింది. లింక్స్ అన్నది ఆ పిల్ల. చెవుల కొసన నల్లని కుచ్చులుండే ఆ పెద్ద అడవిపిల్లి మా కొండల్లోంచి ఒకప్పుడు మాయమైంది. పార్కులో ఉన్నది ఒక్కటే, అది ఎండ తగ్గితే గానీ బయటికి రాదు.

"ఇప్పుడు లోపలికెళ్తే మూడుంబావుకి పట్టీ అయిపోద్ది. అది ఎనిమిది దాటితే గానీ రాదు," అన్నది ఫుయెన్‌సాంత.

"అయితే ఏం చెయ్యమంటావు? వంద కిలోమీటర్లు వచ్చాం."

"బయట వాగు పక్కన పైన్ చెట్లున్నాయి, అక్కడ నీడ బావుంటది. హాయిగా తినండి, కునుకు తియ్యండి. అయిదింటికి వచ్చి పట్టీ కట్టించుకోండి. తొమ్మిదికి మూస్తారు. మీ నాలుగు గంటలు మీకే ఉంటాయి."

హినెస్ తల్లి వెంటనే, "విన్నావా, నేను కారులో చెప్పిందీ ఇదే" అన్నది. ఆమె అలాంటిదేమీ చెప్పలేదని అందరికీ తెలుసు, ఎవరూ కాదనలేదు. ఏడుగురూ సంచులతో వాగువైపు నడిచారు. ఆ నడిచిపోవడాన్ని దె లా సెర్నా తన గది కిటికీలోంచి చూశాడు. అతను చూసింది అంతవరకే.

సాయంత్రం అయిదూ నాలుగు నిమిషాలకు మరవియాస్ ఆ ఏడుగురికీ పట్టీలు కట్టింది. ద్వారం యంత్రంలో నమోదు ఉంది. ఎనిమిదీ ఇరవైకి లింక్స్ బండ మీదికి వచ్చింది. అది తన వైపు చూశాక కందేలా అక్కణ్ణుంచి కదలలేదనీ, మూసేవేళకు తండ్రి ఎత్తుకుపోవలసి వచ్చిందనీ కాపలావాడు చెప్పాడు. ఎనిమిది రోజుల తరువాత ఉత్తరం వచ్చింది. యంత్రంలోని నమోదును ఎవరూ తెరిచి చూడలేదు.

చట్టం ప్రకారం కోర్టుకు ముందు రాజీ సమావేశం జరగాలి. అది ఆగస్టులో జరిగింది. దె లా సెర్నా ఒక ప్రతిపాదన తెచ్చాడు. ఫుయెన్‌సాంతను మళ్ళీ పనిలోకి తీసుకుంటారు, కానీ కార్లు ఆపే స్థలంలో. అందుకు ఆమె, నాలుగు గంటలు ఎవరికైనా చాలుతాయని, తాను చెప్పింది తప్పని రాసి సంతకం చేయాలి. రాజీ జరిపించే అధికారి కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు. ఆమె కలం తీసుకుంది. సంతకానికి ముందు ఒకటి అడగవచ్చా అన్నది.

"ఆ సంస్థ తరపున నాలుగు గంటలు కొలిచినాయన ఎవరితో వచ్చాడు?"

"ఒక్కడే వచ్చాడు. అది అతని పని," అన్నాడు దె లా సెర్నా.

"ఏ నెలలో?"

"ఫిబ్రవరిలో."

"పిల్లల్లేకుండా, ఎండ లేకుండా. మరి ఏం చూడాలనుకున్నాడో?"

"ఫుయెన్‌సాంతా, జనానికి ఒక అంకె కావాలి. అంతే."

"నేనూ అంకే చెప్తున్నానండీ. అడిగి చెప్తున్నాను."

ఆమె కలాన్ని కాగితం మీద పెట్టి, కాగితాన్ని వెనక్కి జరిపింది. ఏడేళ్ళ జీతం, పింఛను అప్పుడా బల్ల మీదే ఉన్నాయని ఆమెకు తెలుసు. రాజీ కుదరలేదని అధికారి నమోదు చేశాడు. విచారణ అక్టోబరు ఇరవై రెండున.

పార్కు యజమానులారా, ఆ తేదీ దాకా ఆగవలసిన అవసరం మీకు లేదు. జూలై తొమ్మిది నాటి ద్వారం నమోదు మీ దగ్గర ఉంది. దాన్ని తెరిచి చదవండి. తొలగింపు ఉత్తరంలోని ప్రతి ఆరోపణనూ రాతపూర్వకంగా ఉపసంహరించుకోండి. ఫుయెన్‌సాంత కానొవాస్‌ను కార్ల మధ్యకు కాదు, ఆమె కూర్చున్న కిటికీలోకే, అడిగే హక్కుతో సహా తిరిగి తీసుకోండి. ద్వారం మీది బోర్డును దించండి. దించకపోతే, ఆ నాలుగు గంటలను ఎవరు, ఎప్పుడు, ఎవరిని అడిగి కొలిచారో దాని కిందే రాసి, మీ పేర్లతో సంతకాలు పెట్టండి.