రంపం తిరిగే ముందు కిందివాణ్ణి అడగాలి

నా చిన్నప్పుడు చేపల రేవులో బోటు బల్ల ఒకటి కోయాలన్నా, ముందు కింద ఎవరున్నారని అడిగేవారు. ఇప్పుడు గోపాలపట్నంలో మా ఇంటి కప్పు మీద కటింగ్ మిషన్ తిరుగుతుంటే నన్ను అడిగిన నాథుడు లేడు. సరే, కింద ఉన్న మా సంగతేమిటని నేనే అడిగాను. పై ఫ్లాట్‌లో పాత టైల్స్ పీకిస్తున్న ఓనరును అడిగాను, పని చేయిస్తున్న మేస్త్రీని అడిగాను, మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారిని మెట్ల మీద ఆపి మరీ అడిగాను. ఒక్కరూ పలకలేదు. "పెద్దాయనకి పొద్దు పోవడం లేదు" అని నా వెనకాల అనుకున్నారు. అది మాత్రం నాకు బాగానే వినిపించింది. అందుకే ఈ జ్ఞాపకం రాస్తున్నాను. మాట వినని వాళ్లు చదివైనా తెలుసుకుంటారేమో.

మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, బోట్ల వడ్రంగి. ఏదో ఓడ మీంచి దిగిన పాత కరెంటు రంపం ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని పసిబిడ్డలా చూసుకునేవాడు. సముద్రపు గాలికి ఉప్పు పట్టి, బ్లేడు మీది కప్పు బిగిసిపోయేది. రంపం పైకి ఎత్తగానే ఆ కప్పు తనంతట తాను టక్కున మూసుకోవాలి. మూసుకోకపోతే ఆయన పని మొదలుపెట్టేవాడు కాదు. ముందు ప్లగ్గు పీకేవాడు. తర్వాత పొట్టు దులిపి, కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో జిగురంతా వదిలించి, గుడ్డతో పొడిగా తుడిచి, కరెంటు తీగ ఎక్కడైనా చిట్లిందేమోనని వేళ్లతో తడిమి చూసేవాడు. చుట్టుపక్కల వాళ్లు కప్పుకు చెక్కముక్క అడ్డం పెట్టి, తెరిచే ఉంచి కోసేవారు. పని త్వరగా తెమలుతుందట. మావయ్య వాళ్లతో వాదించేవాడు కాదు, తన రంపం మాత్రం వాళ్లకు ఇచ్చేవాడు కాదు.

ఆ కిరసనాయిలు బ్రష్షు పని నాది. నాకు మాటిచ్చి అప్పగించిన పని.

ఒక సెలవురోజు ఒడ్డుకు లాగిన బోటు మీద పైబల్లలు పుచ్చిపోతే, వాటిని తీసి కొత్తవి వేయాల్సి వచ్చింది. ఆ బల్లల కిందే ఐసు పోసి చేపలు దాచే గది. మావయ్య మేకులు తీయగలిగినన్ని తీసి, రంపాన్ని బల్ల అంచు పక్కన ఆనించి, బ్లేడు బల్ల మందం కన్నా గోరంత మాత్రమే కిందికి దిగేలా బిగించాడు. అంతకన్నా దిగితే కింది దూలాలు తెగుతాయి. నేను బ్రష్షు పట్టుకుని పక్కనే ఉన్నాను. అప్పుడు బోటు ఓనరు తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే నా చేతిలో బ్రష్షు లాక్కుని, కొడుకు చేతిలో పెట్టాడు.

"ఈ గుంటడికేటి పని ఇక్కడ? మావోడు సేత్తాడు, నువ్వెల్లు" అన్నాడు.

నేను వెళ్లాను. ఇంటికి కాదు. మావయ్య తీగ లాగడానికి షెడ్డు వైపు వెళ్లిన సమయంలో, మూత తీసి ఉన్న కంతలోంచి ఐసు గదిలోకి జారాను. చీకట్లో, చేపల వాసనలో, లోపలి చెక్క గట్టు మీదికెక్కి మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. నా తల పైబల్లలకు ఆనుతోంది. ఎవరు పిలిచినా పలకకూడదని నిశ్చయించుకున్నాను. అంత అవమానం జరిగాక ఎవడు పలుకుతాడు?

కాసేపటికి నెత్తి మీద సుత్తితో కొట్టిన చప్పుడు, ఆ వెంటనే మావయ్య గొంతు వినిపించాయి.

"ఎవులున్నారు కింద?"

నేను పలకలేదు.

"ఎవులూ నేరు బావా, కోసెయ్. వేటకెల్లాల, పొద్దు పోతంది" అని ఓనరు తొందరపెట్టాడు.

"నాను కిందోల్ని అడిగాను. నువ్వు పైనోడివి కదేటి!"

"కిందుంటే పలకడా?"

"నిద్రోయినోడు పలకడు. అలిగినోడూ పలకడు. పలకనేదని నేడనుకుంతామా?"

"నువ్వు రంపం ఆడించడానికొచ్చేవా, హాజరు పిలవడానికొచ్చేవా?" అని ఓనరు వెటకారం చేశాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

మావయ్య ప్లగ్గు పీకి, ఆ కొసను తన దగ్గరే ఉంచుకుని, టార్చిలైటుతో కిందికి దిగాడు. వెలుగు నా ముఖం మీద పడింది. తిడతాడనుకున్నాను. ఆయన తిట్టలేదు. నా దగ్గరికొచ్చి, నా తలకూ పైబల్లకూ మధ్య తన అరచెయ్యి పెట్టబోయాడు. అది పట్టలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. అప్పుడు కూడా పట్టలేదు. కోయాల్సిన బల్ల అదే.

"పలకనేదేటి?" అన్నాడు చివరికి.

"నా బ్రష్షు లాక్కున్నారు" అన్నాను.

ఆయన నవ్వలేదు. నన్ను ఎత్తుకుని పైకి తెచ్చాడు. ఓనరు ముఖం పాలిపోయింది గానీ నోరు మాత్రం తగ్గలేదు. "ఈడికి నోరు నేదేటి?" అన్నాడు.

"నోరుంది. నువ్వే మూయించీసేవు. ముందు ఆడి బ్రష్షు ఆడికిచ్చీ" అన్నాడు మావయ్య.

ఇవ్వలేదు. ఆ పిల్లవాడు దాన్ని పట్టుకుని అప్పటికే ఇంటికి పోయాడు. ఓనరు నాకు ఒక్క మంచిమాట చెప్పలేదు. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోను కూడా. అయితే ఆ రోజంతా మావయ్య నాకు కొత్త పని ఇచ్చాడు. ప్రతి బల్లకూ ముందు నేను కిందికి దిగి, మూలమూలా చూసి, పైకొచ్చి "ఎవులూ నేరు మావా!" అని అరవాలి. నేను అరిచేదాకా ఆయన ప్లగ్గు పెట్టేవాడు కాదు. ఓనరు గొణుగుతూనే ఉన్నాడు. రంపం మాత్రం నా మాట కోసమే ఆగింది.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల. పైనున్నవాడు కిందివాడి తరఫున జవాబు చెప్పకూడదు. కిందివాడు పలకలేదంటే, దిగి చూడాలి.

ఇప్పుడు పైన పనిచేస్తున్న కుర్రాళ్ల మిషన్‌కు కప్పే లేదు. ఊడదీసి పక్కన పడేశారు, నేను వెళ్లి కళ్లారా చూశాను. తీగకు రెండుచోట్ల ప్లాస్టర్ చుట్టారు. మిషన్ జారితే పోయేది ఆ కుర్రాళ్ల కాళ్లు, మేస్త్రీవి కావు. టైల్ దాటి బ్లేడు దిగితే స్లాబులో మా ఫ్యాన్లకు వచ్చే కరెంటు పైపులున్నాయి. నిన్న మా ఆవిడ పడుకున్న మంచం మీద సున్నం పెచ్చు రాలింది. సెక్రటరీ గారికి చూపిస్తే, "మీకేం కాదు సార్, పైనవాళ్లు చూసుకుంటారు" అన్నారు.

పైనవాళ్ల గురించి నేను అడగలేదండీ. కింద ఉన్నది మేము.

ఈ ఉదయం నుంచి మీటర్ల గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పై ఫ్లాట్ కరెంటు కట్టేసే స్విచ్ నా కళ్లెదుటే ఉంది. సెక్రటరీ గారూ, మీరూ మేస్త్రీ కలిసి దిగి రండి. మా మంచం పక్కన నిలబడి, తల పైకెత్తి, నాకు ఒక్కటి చెప్పండి. ఆ బ్లేడు ఎంత లోతుకు దించారు?