నలభై రెండు వేల భయం

మార్చి నెలంటే నాకు ఒకప్పుడు పడేది కాదు. విజయవాడలో ఉద్యోగం చేసిన రోజుల్లో, ఆ నెల జీతం ఇన్‌కమ్ టాక్స్‌కి పోగా మిగిలింది చేతికొచ్చేది. అద్దె రసీదులు, బీమా కాగితాలు పట్టుకుని అందరం ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళం. మస్కట్ వచ్చాక మొదటి మార్చిలో జీతం జీతంగా అకౌంట్లో పడితే, ఎక్కడో పొరపాటు జరిగిందని మా ఆయన్ని మళ్ళీ చూడమన్నాను. పొరపాటేం లేదు. ఇక్కడ జీతం మీద టాక్స్ లేదు. ఏడాదిలో ఎక్కువ భాగం ఇక్కడే ఉండి, ఇక్కడే సంపాదించుకునే మాబోటి వాళ్ళ జీతం జోలికి మన దేశమూ రాదు. ఆ వారం రూవి బజారుకి వెళ్ళి, పూతరేకులు దొరక్కపోతే సోన్‌పాపిడీ కొనుక్కుని పండగ చేసుకున్నాను.

అందుకే ఒమన్‌లో కూడా ఇన్‌కమ్ టాక్స్ వస్తోందన్న కబురు వినగానే నాకు ఒళ్ళు మండింది. ఎక్కడికెళ్ళినా వెంటపడి వస్తుందేమిటి ఈ దరిద్రం అని వంటింట్లో గిన్నెలు గట్టిగానే పెట్టాను. వార్త పూర్తిగా చదివాక చల్లబడ్డాను. ఏడాదికి నలభై రెండు వేల రియాళ్ళు దాటిన సంపాదన మీద, అదీ దాటినంత మేరకే, నూటికి అయిదు. మొదలయ్యేది 2028లో. మా ఇద్దరి జీతాలూ కలిపినా ఆ దరిదాపులకి వెళ్ళవు. జీతం తక్కువైనందుకు సంతోషించడం నా జీవితంలో అదే మొదటిసారి.

నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను. ఆఫీసు రూవిలో, ఇల్లు అల్ హైల్‌లో. మా కంపెనీలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆయన కట్టిన గోడకి తూకపు గుండు వేసి చూడక్కర్లేదని సైట్ ఇంజినీర్లు అంటారు. పెళ్ళయిన కొత్తలోనే గల్ఫ్ వచ్చేశాడు. భార్యతో కలిసి ఉన్నదల్లా సెలవుల మీద వెళ్ళిన నెలలే. కొడుకు పాలిటెక్నిక్ హాస్టల్లో చేరాక ఆవిడ ఊళ్ళో బీడీలు చుట్టుకుంటూ ఒక్కతే ఉంటోంది. ఏదో కాగితం పని మీద ఆఫీసుకి వచ్చినప్పుడల్లా ఆయన నా టేబుల్ దగ్గర ఆగి ఒకటే అడిగేవాడు: "ఫోర్‌మన్ అయితేనే ఫ్యామిలీ వీసానా మేడమ్? మేస్త్రీలకు ఇయ్యరా?"

ఇవ్వరు. మా కంపెనీ పద్ధతి అది. ఫోర్‌మన్, ఆపైన ఉన్నవాళ్ళకే కంపెనీ కుటుంబాన్ని రప్పిస్తుంది. ఆవిడ పాస్‌పోర్ట్ చేయించుకుని కూర్చుంది కూడా.

అలాంటి మనిషికి చివరికి ఫోర్‌మన్ పోస్టు వచ్చింది. జీతం నూట యాభై రియాళ్ళ నుంచి రెండు వందలకి పెరుగుతుంది. ఆ కాగితం నేనే టైపు చేయించాను. గురువారం లోపు సంతకం పెట్టాలి, లేకపోతే వరసలో తర్వాతి వాడికి వెళ్ళిపోతుంది. స్వీట్ డబ్బాతో పరిగెత్తుకుంటూ వస్తాడనుకున్నాను. బుధవారం దాకా మనిషి జాడ లేదు. గురువారం పొద్దున మా మేనేజర్ నా గదిలో తల పెట్టి, మీ మేస్త్రీ పోస్టు వద్దన్నాడట, ఖలాస్, కాగితం చింపేయండి అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాగితం చింపలేదు సరికదా, సైట్‌కి ఫోన్ చేసి, ఆ మనిషిని ఉన్నపళంగా పికప్ ఎక్కించి పంపమన్నాను. వచ్చాడు. సిమెంట్ అంటిన బూట్లు గుమ్మం బయట విప్పి, నా ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకద్దు మేడమ్."

"ఎందుకొద్దు? పని చేయించడం రాదా? మనుషులతో మాట్లాడలేరా?"

"అట్ల గాదు. మేస్త్రీ పనే మంచిగున్నది."

"ఇంతకాలం ఫ్యామిలీ వీసా, ఫ్యామిలీ వీసా అని నా బుర్ర తిన్నది ఎవరు? అక్కడ ఆవిడ పాస్‌పోర్ట్ పట్టుకుని కూర్చుంటే, ఇక్కడ మీకు మేస్త్రీ పని మంచిగున్నదా?"

ఆయన కళ్ళు కిందికి దించుకున్నాడు. అప్పుడు నాకు నా నోటి మీద నాకే విసుగొచ్చింది. లేచి వెళ్ళి టీ తెచ్చి చేతికిచ్చాను. రెండు గుక్కలు తాగాక అసలు సంగతి బయటపెట్టాడు.

"టాక్స్ వెడుతున్నరట గద మేడమ్. రూముల అందరు అంటున్రు. నలభై రెండు వేలు దాటితె కటింగేనట. ఇప్పుడు నాకు ముప్పై మూడు, ముప్పై నాలుగు పడుతది. గందుకే బతికిపోయిన. ఫోర్‌మనైతె నలభై అయిదు దాక పోతది. ఈడ దొరికినంక ఇండియా సర్కారు సుత పట్టుకుంటదట. ఈడోడు కోసి, ఆడోడు కోస్తె, నడుమ నేనేం తింట? పెండ్లాన్ని దెచ్చి ఏం వెట్టాలె?"

ముప్పై మూడేమిటి, నలభై అయిదేమిటి? ఆయన జీతం నూట యాభై. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"నలభై రెండు వేలు ఏవి?" అన్నాను.

"ఏవంటె? మన పైసలే."

నవ్వు వచ్చేసింది. పెద్దగానే నవ్వాను. ఆయన బిక్కమొహం చూసి ఆపుకున్నాను. ఆయన ఒక్కడినీ అనడానికేముంది? ఇక్కడ మేమందరం చేసే పనే అది. జీతం పడగానే రూపాయల్లోకి మారుస్తాం. టమాటాలు కొంటే మారుస్తాం, టాక్సీ ఎక్కితే మారుస్తాం. మా ఆయన క్షవరానికి వెళ్ళొచ్చి ఆ డబ్బుకి ఊళ్ళో ఏడాదంతా చేయించుకోవచ్చని ఇప్పటికీ ఏడుస్తాడు. ఆ రూములో ఉన్నవాళ్ళు కూడా వార్త వినగానే అలవాటుగా దాన్ని నెలకి నలభై రెండు వేల రూపాయలు చేసేసుకున్నారు.

"మేస్త్రీ గారూ, అవి రియాళ్ళు. అదీ ఏడాదికి. అంటే నెలకి మూడు వేల అయిదు వందల రియాళ్ళు దాటాలి. మన పైసల్లో ఏడాదికి కోటికి దగ్గర. మన జనరల్ మేనేజర్ మీద ఆ టాక్స్ పడాలన్నా ఆయనకి ఇంకా జీతం పెరగాలి."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఆయనకే లేదా?"

"లేదు."

"మరి ఇండియాల?"

"మీరు ఇక్కడ సంపాదించిన జీతం మీద అక్కడ పడదు. అక్కడే ఇల్లు అద్దెకిచ్చో, బ్యాంకులో వేసి వడ్డీ తెచ్చుకునో సంపాదిస్తే, ఆ లెక్క అక్కడ వేరే."

ఆయన నన్ను నమ్మినట్టు లేదు. ఎంతైనా నేను కంపెనీ మనిషిని. అనుమానంగానే ఫోన్ తీసి భార్యకి కలిపి, స్పీకర్ పెట్టాడు. "ఏమే, ఈడ మేడమ్ టాక్స్ లేదంటున్నది" అని మొదలుపెట్టి, రియాళ్ళు, ఏడాది, కోటి అంటూ నేను చెప్పిందంతా తడబడుతూ అప్పజెప్పాడు. ఆవిడ అంతా విని అంది:

"ఏడాదికి కోటి అచ్చెటోడు కడుతడు తియ్యి, నీకేం బాధ? నేను గింత కారం పట్టిచ్చుకొని అస్త. గా కాగితం మీద సంతకం వెట్టినవా లేదా, గది జెప్పు ముందుగాల."

ఆయన సంతకం పెట్టాడు. గీత పక్కకి పోయింది, అయినా అది సంతకమే. మేనేజర్ గదిలోకి ఆ కాగితం నేనే తీసుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. రెండు చేతులతో మొహం తుడుచుకుంటూ, "పోగొట్టుకుంటుంటి గద మేడమ్" అన్నాడు. నా గుండెల మీంచి కూడా బరువు దిగింది. పాత మార్చి నెలల బాకీలన్నీ ఒక్కసారే తీరిపోయినంత హాయిగా అనిపించింది.

వీసా పనులన్నీ అయి ఆవిడ వచ్చింది. కొన్ని వారాల తర్వాత ఒక శుక్రవారం రూవిలో కూరగాయల కొట్లో ఇద్దరూ కనిపించారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆవిడ నన్ను చూసి, నేనెవరో చెప్పకుండానే పోల్చుకుని, నా చెయ్యి పట్టుకుంది. తర్వాత గోంగూర కట్ట తీసి వాసన చూసి ధర అడిగింది. అయిదు వందల బైసలన్నాడు కొట్టువాడు, అంటే అర రియాల్.

"మన పైసలల్ల ఎంతైతది?" అని భర్తని అడిగింది.

ఆయన జేబులోంచి రియాల్ నోటు తీస్తూ, "ఇగ లెక్క గట్టకు. ఇద్దరం ఈడనే ఉన్నం గద, ఇవే మన పైసలు" అన్నాడు.

ఆవిడ ఇంకో కట్ట కూడా తీసి సంచిలో వేసుకుంది.